ఎనిమిది సిలిండర్ల బండి

మా ఆయన పవర్‌లూమ్ మానేసి కార్ల సీట్లు కుట్టే పని మొదలుపెట్టినప్పుడు సోలాపూర్ భవాని పేటలో అందరూ నవ్వారు. చద్దర్లు, టవాళ్లు నేసే సందులో కార్లెక్కడివి, సీట్లెక్కడివి అని. వాళ్ల మాటలో తప్పేమీ లేదు. మొదట్లో మాకు వచ్చినవన్నీ రిక్షా సీట్లే. ఆయన స్ప్రింగులు బిగించేవాడు, నేను మిషన్ మీద రెగ్జిన్ కుట్టేదాన్ని. మా అత్త గడప దగ్గర కూర్చుని బీడీలు చుడుతూ మా ఇద్దరికీ సలహాలు చెప్పేది. సీట్ల గురించి ఆమెకు ఏమీ తెలియదు, అయినా చెప్పేది.

ఆమె చెప్పినవాటిలో ఒకటి మాత్రం మేం పాటించేవాళ్లం. మగ్గం మీద బట్ట అయిపోయినప్పుడు పాత పడుగంతా ఊడదీయరు. కొసలు అలాగే ఉంచి, వాటికే కొత్త పడుగు దారాలు ఒక్కొక్కటిగా ముడేస్తారు. పని సులువవుతుంది, మగ్గం బోసిపోకుండా ఉంటుంది. సీటుకూ అదే పద్ధతి కావాలని అత్త పట్టు. అందుకని పైగుడ్డ ఎన్నిసార్లు మార్చినా స్ప్రింగుల మీది పాత గోనెపట్టా ఒక ముక్కైనా ఉంచి, దాని మీదే కొత్తది వేసేవాళ్లం. వేరే సీటు దుకాణాలవాళ్లు దీన్ని కూడా నవ్వులాటగానే తీసుకున్నారు.

మాకు దొరికిన మొదటి పెద్ద గిరాకీ అమెరికా బండి. అది తోలే మనిషి మా సందు చివరి ఇంట్లోనే ఉండేవాడు. అత్త ఆయనను అన్నా అని పిలిచేది కాబట్టి మా ఆయనకు మామ, నాకు పెద్దబాపు. వయసులో ఉండగా మిల్లులో పనిచేశాడట. దూది దుమ్ముకు దమ్ము పట్టి నాలుగడుగులు వేస్తే రొప్పు వచ్చే స్థితికి చేరితే, మిల్లు సేటు ఆయనను ఇంటికి పంపకుండా డ్రైవింగు నేర్పించి తన బండి చేతికిచ్చాడట. 'సేట్ నాకు ఊపిరిచ్చిండు' అని ప్రతి పండక్కీ చెప్పేవాడు. మాకు వినీ వినీ కంఠస్థం అయిపోయింది.

సేటు పోయేముందు బండి నువ్వే ఉంచుకో అన్నాడు. నోటిమాటే, కాయితం మీద పెట్టలేదు. పెద్దబాపు దానికి ఎర్రరంగు వేయించి పెళ్లి ఊరేగింపులకు తిప్పడం మొదలుపెట్టాడు. దానికి రెండే తలుపులు. బానెట్ మంచమంత ఉండేది. పెళ్లికొడుకు వెనక సీట్లోకి దూరాలంటే తలకు కట్టిన ఫేటా తీసి చేత్తో పట్టుకోవాల్సిందే. అయినా అందరికీ అదే కావాలి, ఎందుకంటే అది ఎనిమిది సిలిండర్ల బండి. సోలాపూర్‌లో అలాంటిది మరొకటి లేదని సేటు చెప్పాడు, సేటు చెప్పాడు కాబట్టి ఊరంతా చెప్పింది. స్టార్ట్ చేస్తే మా సందులో మగ్గాల చప్పుడు కూడా వినపడేది కాదు.

ఆ బండి సీట్లు కుట్టమని పెద్దబాపు మాకిచ్చింది ఎనభైలలో. వెనక సీటు విప్పితే స్ప్రింగుల మధ్య మడతపెట్టి ఇరికించిన కాయితం ఒకటి కనిపించింది. చిత్తుకాయితం అనుకుని పారేయబోయాను. విప్పి చూస్తే నిండా గళ్లు, గళ్లలో సన్న సన్న అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు. మా ఆయన చూసి, "బీముకు కట్టే చిట్టీ లెక్కనే ఉంది" అన్నాడు. పడుగు చుట్టిన బీముకు మా దగ్గర ఒక చిట్టీ కడతారు, ఏ నూలు, ఏ రంగు, ఎన్ని దారాలు అని. తర్వాతి మనిషి ఎవరినీ అడగకుండా పని చేసుకుంటాడు. అమెరికా కార్ఖానాలో కూడా ఏ బండికి ఏ సీటు, ఏ రంగు, ఏ ఇంజిను బిగించాలో ఇలాగే రాసిచ్చి ఉంటారు, పనయ్యాక ఎవరో సీట్లో దూర్చేసి ఉంటారు. అక్కడి పనివాళ్లూ మనలాంటి వాళ్లే అనిపించి నాకు సంతోషమేసింది.

నేను ఏడో తరగతి దాకా మరాఠీ బడిలో చదివాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి. ఒక గడిలో సిలిండరు అనే మాట సగం, దాని పక్కన ఆరు అంకె ఉన్నాయి.

"పెద్దబాపూ, దీంట్ల ఆరు అని ఉంది. నీ గాడీది ఎనిమిది గద?"

ఆయన కాయితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. తర్వాత వాకిట్లోకి చూసి, బయటివాళ్లు లేరని తేల్చుకున్నాడు.

"ఆరే బిడ్డా. బానెట్ ఎత్తేది నేనొక్కన్నే గద, నాకు తెల్వదా."

"మరి అందరికీ ఎనిమిదని ఎందుకు చెప్తవ్?"

"సేట్ ఎనిమిదన్నడు. బొంబాయిల ఇంకో సేట్ ఎనిమిదిది కొన్నడని ఈయనకు మనసుల పడ్డది. ఆవాజ్ గట్టిగ రావాల్నని సైలెన్సర్‌కు బొక్కలు గూడ ఏయించిండు. మాలిక్ ఎనిమిదంటే డ్రైవర్ ఆరంటడా?" అని కాయితం మడిచి నా చేతిలో పెట్టాడు. "యాడిది ఆడ్నే పెట్టి కుట్టెయ్. ఎవ్వరికీ చెప్పకు."

మా అత్త కూడా లోపల పెట్టమనే అంది, కాకపోతే ఆమె కారణం వేరు. "గాడీతోని పుట్టింది, గాడీలనే ఉండాలె" అంది. ఖండేనవమి ఆయుధపూజ నాడు మగ్గానికి పెట్టినట్టు కాయితానికి పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని ఇచ్చింది. పాత గోనెపట్టాకూ కొత్తదానికీ మధ్య ఉంచి కుట్టేశాను.

తొంభైలలో బొంబాయి నుంచి ఒకాయన వచ్చాడు. పాత అమెరికా బండ్లు వెతికి కొనుక్కునే మనిషి. బండి రికార్డులో ఇంకా సేటు పేరే ఉంది కాబట్టి ముందు బంగ్లాకు వెళ్లాడు. తండ్రి బండి ఊళ్లో ఉందన్న సంగతి అప్పటిదాకా పట్టని సేటు కొడుకులిద్దరికీ ఆయనను చూడగానే ప్రేమ పుట్టుకొచ్చింది. ముగ్గురూ కలిసి మా సందుకొచ్చారు. బండి మా వాకిలి ముందే ఉంది, పెద్దబాపు దాని పక్కనే ఉన్నాడు.

బొంబాయి ఆయన బానెట్ ఎత్తి, తొంగిచూసి, ప్లగ్గుల వైర్లు లెక్కపెట్టాడు. ఎనిమిది సిలిండర్లది అన్నారే, ఇది ఆరే కదా అని పెద్ద కొడుకును అడిగాడు. పెద్ద కొడుకు పెద్దబాపు వైపు తిరిగాడు. మా నాన్న బండి ఎనిమిదని ఊరంతటికీ తెలుసు, అసలు ఇంజిన్ తీసి ఎక్కడ అమ్ముకున్నావ్ అని మరాఠీలో నిలదీశాడు. ఆర్‌సీ బుక్కు చూద్దామంటే ఎప్పుడో వానకు తడిసి అందులో అక్షరాలు అలికిపోయాయి. అప్పటికే మగ్గాలు ఆపి జనం పోగయ్యారు.

"చెప్పు, ఎనిమిదేనా కాదా?" అన్నాడు చిన్న కొడుకు.

"సేట్ ఎనిమిదన్నడు. ఎనిమిదే" అన్నాడు పెద్దబాపు.

"మరి ఆ ఇంజిన్ ఏది?"

పెద్దబాపు తల వంచుకుని నిలబడ్డాడు. నిప్పు లేనిదే పొగ రాదని మా ఎదురింటాయనే అన్నాడు. నిన్నటిదాకా పెద్దబాపు పైసలతో చాయ్ తాగినవాడు. ఇప్పుడే పోలీసు చౌకీకి పోదామని పెద్ద కొడుకు పెద్దబాపు చెయ్యి పట్టుకున్నాడు. ఆ ముసలాయనకు దమ్ము లేచింది. ఊపిరి కోసం ఎగరొప్పుతున్నాడు కానీ ఆరు అనే ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు.

నాకు ఒళ్లు మండింది. సేటు కొడుకుల మీద ఎంత మండిందో పెద్దబాపు మీద కూడా అంతే మండింది. లోపలికి వెళ్లి కత్తెర తెచ్చి, బండి తలుపు తీసి, వెనక సీటు మీద మోకాలు మోపాను.

"బిడ్డా, వద్దు" అన్నాడు ఆయన.

వినలేదు. నేను వేసిన కుట్టు నేనే తెంపాను. మధ్యలో రెండుసార్లు రెగ్జిన్ మార్చాం, కానీ అడుగున గోనెపట్టా పాతదే, దాని మీద కాయితం ఉన్నచోటే ఉంది. ఒక మూల ఎలుక కొరికింది. తెచ్చి బొంబాయి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన మొహం చూడాలి అప్పుడు, తప్పిపోయిన పిల్లాడు దొరికినట్టు. ఇలాంటి కాయితాల కోసం ఎన్నో సీట్లు విప్పి చూశానన్నాడు. అందులోని నంబరు బండికి కార్ఖానావాళ్లు బిగించిన పలకతో సరిచూశాడు. ఈ ఎర్ర మరకేంటి అని అడిగితే మా అత్త బీడీల చేట పక్కన పెట్టి, "కుంకం. నేనే పెట్టిన" అంది. ఆయన ఆ మరక పక్కన వేలు పెట్టి చదివాడు. బండి పుట్టుకతోనే ఆరు సిలిండర్లది. ఇంజిన్ ఎవరూ మార్చలేదు.

"అయితే మా నాన్న..." అని పెద్ద కొడుకు ఆగిపోయాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు సందంతా పాకింది. సేటు గొప్పలన్నీ అప్పటికప్పుడు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి, బంగ్లాలో పాలరాయి కూడా ఉత్తదేనట, గుర్రాలు కూడా అద్దెవేనట. ఎదురింటాయనైతే ఈ సంగతి తనకు మొదటినుంచీ తెలుసన్నాడు. ఆరు సిలిండర్లది తనకు అక్కర్లేదని, కాయితం నా చేతికి తిరిగిచ్చి బొంబాయి ఆయన వెళ్లిపోయాడు. ఆయన వెనకే కొడుకులూ వెళ్లారు. ఆ బండిని తమదని చెప్పుకోవడానికి మళ్లీ ఎప్పుడూ రాలేదు.

నేను గెలిచాననుకున్నాను. పెద్దబాపు నాతో మాట్లాడలేదు. అత్త చాయ్ ఇస్తే తీసుకున్నాడు, నేనిస్తే తీసుకోలేదు. పెళ్లిళ్ల సీజను దగ్గరపడ్డాక బండి తెచ్చి వాకిట్లో ఆపి, చిరిగిన సీటు చూపించి, "కుట్టు" అన్నాడు.

కాయితం మళ్లీ లోపల పెట్టి కుట్టడం మొదలుపెట్టాను. ఆయన పక్కనే నిలబడ్డాడు.

"నన్ను దొంగన్నా నేను బతికే ఉన్న. ఇయ్యాల కాకపోతే రేపు జవాబిచ్చుకుంట. సేట్‌ను అబద్ధాలోడు అంటే, సచ్చినోడు లేచొచ్చి జవాబిస్తడా?"

"నువ్వు చౌకీల కూసుంటే మీ సేట్ లేచొచ్చి ఇడిపిస్తుండెనా?" అన్నాను. చచ్చినోడి కళ్లు చారెడు అని కూడా నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"ఊపిరాడనప్పుడు ఎవ్వడు రాలే బిడ్డా, ఆయనొక్కడే వచ్చిండు" అన్నాడు. ఆ ముక్క అంతకుముందు ఎన్ని పండగలకు విన్నానో. ఆ రోజే మొదటిసారి విన్నట్టు నాకు ఏడుపొచ్చింది. కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ వేశాను. సీటు చింపినందుకు మాత్రం క్షమించమని అడగలేదు. చింపకపోతే ఆయనను తీసుకెళ్లేవాళ్లు.

ఆ సీజనులో మొదటి ఊరేగింపు మా పక్క సందులోనే. మేమూ వెళ్లాం. పెళ్లికొడుకు ఫేటా తీసి చేత్తో పట్టుకుని వెనక సీట్లోకి దూరాడు. అంతలో ఎదురింటాయన నలుగురిని వెంటేసుకుని బానెట్ దగ్గరికొచ్చాడు.

"ఏమన్నా, ఎన్ని సిలిండర్లు నీ గాడీకి?" అన్నాడు, అందరికీ వినపడేలా.

పెద్దబాపు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, "ఎనిమిది" అన్నాడు.

అందరూ గొల్లుమన్నారు. ఎదురింటాయన నావైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా, నువ్వే గద కాయిదం తీసింది" అన్నాడు. పెద్దబాపు నావైపు చూడలేదు, ముందుకే చూస్తున్నాడు.

"ఎనిమిదే" అన్నాను. "సీటు కుట్టినదాన్ని, నాకు తెల్వదా?"

పెద్దబాపు తాళం తిప్పాడు.