లాయరు వద్దన్న కెథడ్రల్

మొన్న ఆదివారం మా పక్కింట్లో కొత్తగా దిగిన అమ్మాయి టీకి వచ్చి, మాటల మధ్య, వచ్చే నెలలో తమ్ముడి పెళ్ళి ఉందనీ తాను మాత్రం ఇండియా వెళ్ళడం లేదనీ చెప్పింది. అదేమిటమ్మా అంటే, “పేపర్స్ ప్రాసెస్‌లో ఉన్నయ్ కదా ఆంటీ, లాయర్ వద్దన్నడంట, మా ఆయన చెప్పిండు” అంది. లాయరుతో నువ్వు మాట్లాడావా అన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. కొత్త కాపురంలో నిప్పులు పోయడమెందుకని మింగేసి, ఇంకో బిస్కెట్ తీసుకోమన్నాను. ఆ అమ్మాయి వెళ్ళిపోయాక కప్పులు కడుగుతుంటే మాత్రం మా లాయరే గుర్తొచ్చాడు.

రెండు వేల ఒకటిలో పెళ్ళి చేసుకుని అమెరికాలోని ఈ ట్రాయ్ ఊరికి వచ్చాను నేను. నాలాగే, ఉద్యోగస్థుల భార్యలకిచ్చే హెచ్-ఫోర్ వీసా మీద, చదువులన్నీ సూట్‌కేసు అడుగున పట్టుచీరల కింద పెట్టుకుని వచ్చినవాళ్ళకు ఆ రోజులు నేను గుర్తు చేయనక్కరలేదు. ఉద్యోగం చేయడానికి వీల్లేదు, మంచు మొదలైతే కారు తీయడానికి భయం. మా ఇళ్ళలో పంచాంగం వీసా కాగితాలు చూసే లాయరే. ఉద్యోగం మారాలన్నా, ఇల్లు కొనాలన్నా, పెళ్ళికో పేరంటానికో దేశం దాటాలన్నా ఆయన మంచిదంటే మంచిది, వర్జ్యమంటే వర్జ్యం. ఆ మహానుభావుడు నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో మాలో ఒక్కరమూ చూసి ఎరగం. ఫోన్ చేసేదీ మగవాళ్ళే, విని వచ్చి చెప్పేదీ మగవాళ్ళే.

హైదరాబాదులో నేను ఆర్కిటెక్చర్ చదివాను. ఒకసారి మా మేడం చీకటి గదిలో స్లైడ్లు వేస్తూ స్పెయిన్‌లోని సెవిల్ కెథడ్రల్ చూపించారు, అంతే, నేను దానికి దాసోహమైపోయాను. ఆ ఊరు ముస్లిం రాజుల ఏలుబడిలో ఉన్నప్పుడు అక్కడొక పెద్ద మసీదు ఉండేది. క్రైస్తవ రాజులు ఊరిని గెలుచుకున్నాక చాలాకాలం ఆ మసీదులోనే ప్రార్థనలు చేసుకుని, చివరికి ఆ స్థలంలోనే, చూసినవాళ్ళు వీళ్ళకు పిచ్చి పట్టిందనుకునేంత పెద్ద గుడి కట్టాలని అక్కడి మతపెద్దలు తీర్మానించుకున్నారని ఒక కథ. ఇంచుమించు నూరేళ్ళు కట్టారు. మసీదు స్థలానికి సరిపడా కట్టారు కాబట్టి మిగతా గోథిక్ చర్చిల్లా పొడుగ్గా సాగకుండా వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. మసీదువారి నారింజచెట్ల ముంగిలిని అలాగే ఉంచుకున్నారు, మీనారుకి గంటలు కట్టి గంటల గోపురం చేసుకున్నారు. ఆ గోపురానికి పైకొసన కొన్ని తప్ప మెట్లే లేవు. ప్రార్థనకు పిలిచే పెద్దమనిషి గుర్రమెక్కి వెళ్ళడానికని ఏటవాలు దారి ఒకటి గోడల వెంట చుట్టుకుంటూ పైదాకా పోతుందట. నడిమధ్య శిఖరం కట్టిన కొన్నేళ్ళకే కూలింది, మళ్ళీ కట్టారు. శతాబ్దాల తరవాత మళ్ళీ కూలింది, మళ్ళీ కట్టారు. ఇంతా చేసి, మొదట దాని నక్షా గీసినవాడెవరో ఇదమిత్థంగా చెప్పలేరు. గోడ మీద చెయ్యి ఆనించుకుంటూ ఆ ఏటవాలు దారిన పైదాకా నడవాలన్నది నా కోరిక. నగలడిగానా, నాణేలడిగానా!

పెళ్ళిచూపుల నాడు నీకేం ఇష్టమని మావారు అడిగితే ఇదే చెప్పాను. “అంతేనా, అమెరికా నుంచి స్పెయిన్ ఎంత దూరం, ఫస్ట్ ఇయర్‌లోనే తీసుకెళ్తా” అన్నారు. ఆ ఒక్క మాటకే నేను హైదరాబాదులో చేస్తున్న ఉద్యోగం వదిలేశాను, ఊళ్ళోనే ఉన్న బ్యాంకు సంబంధం కాదన్నాను. ఇప్పుడు చెప్తే మా అమ్మాయి నవ్వుతుంది గానీ ఇరవై మూడేళ్ళ వయసులో మాటంటే మాటే అనుకుంటాం.

మొదటి ఏడాది వీసా కొత్తదని లాయరు వద్దన్నాడు. తరవాత గ్రీన్ కార్డు ఫైలింగ్‌లో ఉంది కదలొద్దన్నాడు. ఆ తరవాత రూల్స్ మారాయన్నాడు. ప్రతి వసంతంలో మంచు కరగగానే నేను అడగడం, మావారు ముఖం చిన్నబుచ్చుకుని లాయరు మాట చెప్పడం, పాపం ఈయన మాత్రం ఏం చేస్తారని నేనే ఓదార్చడం మా ఇంటి ఆనవాయితీ అయిపోయింది. మా అమ్మమ్మ పోయినప్పుడు కూడా లాయరు వద్దన్నాడు. లైబ్రరీ నుంచి పెద్ద పుస్తకం తెచ్చుకుని, వంటింటి బల్ల మీద కెథడ్రల్ ప్లాను గీసుకుంటూ, భోజనాల దగ్గర మావారికి దాని కథలన్నీ చెప్పేదాన్ని. ఆయన ఊఁ కొడుతూ పెరుగన్నం తినేవారు.

అలా ఎన్నో ఏళ్ళు గడిచాక ఆయన్ని ఆఫీసువాళ్ళు స్పెయిన్‌లో కారు విడిభాగాల ఫ్యాక్టరీ పని మీద పంపారు. అదీ సరిగ్గా సెవిల్‌కే. ఆఫీసు పని కాబట్టి లాయరు తనకు మాత్రం స్పెషల్‌గా ఒప్పుకున్నాడన్నారు. నాకు ఈర్ష్య కలిగిన మాట నిజమే, అయినా ఇంట్లో ఒక్కరైనా చూస్తున్నారన్న సంబరమే ఎక్కువ. పెట్టె సర్దుతూ ఎలా చూడాలో పాఠం చెప్పాను. లోపలికి వెళ్ళగానే బంగారు వేదిక దగ్గరికి పరుగెత్తకండి, ముందు ఒక స్తంభం పక్కన నిలబడి తలెత్తండి, సన్నని కడ్డీలు కట్టగట్టినట్టు చెక్కడం వల్ల దాని లావు కంటికి తెలియదు, అని.

ఆయన అక్కడుండగానే లాయరు ఆఫీసు నుంచి ఒకావిడ ఇంటికి ఫోన్ చేసింది. ఏదో కాగితం మీద ఆయన సంతకం కావాలట. స్పెయిన్ వెళ్ళారంటే, మీరు వెళ్ళలేదా అని మర్యాదకు అడిగింది. మీరే కదా వద్దన్నారు అన్నాను. ఆవిడ తడబడి, మేము ఎప్పుడూ అనలేదే, మీవారు మొదట్లో ఒకసారి అడిగితే ఇద్దరూ నిశ్చింతగా వెళ్ళిరావచ్చనే చెప్పాము, ఆ తరవాత ఆయన మళ్ళీ అడగనే లేదు అంది. నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ముక్కూమొహం తెలియని మనిషి ముందు, నా ఇంటి సంగతి నాకే తెలియదని బయటపడినందుకు తల కొట్టేసినట్టయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మమ్మ అనేది. ఆ అమ్మమ్మను కడసారి చూడకుండా ఆపింది లాయరేనా, మరెవరైనానా అన్న అనుమానం అప్పుడే మొదలైంది. అది మాత్రం ఇప్పటికీ అడగలేదు. తెలుసుకుని తట్టుకోగలనో లేదో తెలియదు.

ఆయన తిరిగొచ్చారు. తనంతట తాను చెబుతారేమోనని చూశాను. ఆ శనివారం మూడు కుటుంబాలను భోజనానికి పిలిచారు. నేను వంటింట్లో పూరీలు వేయిస్తున్నాను. హాల్లోంచి ఆయన గొంతు వినబడుతోంది. “లోపలికి పోగానే ఆల్టర్ దగ్గరికి రన్ చేయకూడదు బాస్, ఫస్ట్ పిల్లర్ పక్కన నిలబడి పైకి చూడాలి. ఎంత లావో, కానీ కంటికి తెలీదు.” మసీదు, నారింజచెట్లు, గుర్రమెక్కిన పెద్దమనిషి, రెండుసార్లు కూలిన శిఖరం, అన్నీ నా మాటలే, నేను ఆగి ఊపిరి తీసుకునే చోట్లతో సహా. పైగా ఆ ఏటవాలు దారిన పైదాకా నడిచారట. “మీరు ఇంజనీర్ కాకపోతే ఆర్కిటెక్ట్ అయ్యేవారు అన్నయ్యా” అంది మా స్నేహితురాలు. ఆయన నవ్వేశారు. వంటింటి వైపు ఒక్కసారైనా చూడలేదు.

మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ లాయరు ఆఫీసు ఫోను సంగతి చెప్పాను. ఆయన బుకాయించలేదు, అదొక్కటి ఒప్పుకోవాలి. “డైరెక్ట్‌గా నో అంటే నువ్వు ఫీలవుతావని. ఒక చర్చి కోసం వెకేషన్ అంతా వేస్ట్ చేయడం నాకు ఇంట్రెస్ట్ లేదు. లాయర్ పేరు చెప్తే నువ్వు హ్యాపీగా ఒప్పుకునేదానివి కదా” అన్నారు. నా మీద దయతలిచి చేసిన పని అన్నట్టే చెప్పారు. వద్దంటే రెండు రోజులు అలిగేదాన్ని, మూడో రోజు స్నేహితులతోనైనా వెళ్ళొచ్చేదాన్ని. కాదన్న మనిషితో పోట్లాడొచ్చు, పాపం అనుకున్న మనిషితో ఎలా పోట్లాడతాం? నా పోట్లాట కూడా నాకు దక్కకుండా చేశారని ఒళ్ళు మండిపోయింది. ఆ మంట పూర్తిగా ఆరిందని ఇప్పటికీ చెప్పలేను.

గ్రీన్ కార్డు వచ్చిన వేసవిలో సెవిల్‌కి ఇద్దరికీ టికెట్లు బుక్ చేసి తెచ్చారు. ఆయన నాకు ఎన్నడూ చెప్పలేకపోయిన ఆ చిన్న మాట నేను సూటిగానే చెప్పాను. నేను రానన్నాను. మా అమ్మాయి బతిమాలింది, స్నేహితురాళ్ళు మంకుతనమన్నారు. అయి ఉండవచ్చు.

ఇప్పుడు చూసుకోవాలనుకుంటే ఎవరి వీసా కేసు వాళ్ళ ఫోన్లోనే కనిపిస్తుంది, మధ్యలో ఒకరు చెప్పక్కరలేదు. సెవిల్ స్తంభాలు కూడా ఆ ఫోన్లోనే తిప్పి తిప్పి చూపిస్తారు. మంచిదే. నాకు బెంగ ఆ కెథడ్రల్ మీద కాదు, ఆయన చెప్పిందల్లా నిజమనుకుని, అన్నం వడ్డిస్తూ ఆయన్నే ఓదార్చిన ఆ రోజుల మీద. అప్పుడు నేనెంత తేలిగ్గా ఉండేదాన్నో! మా కాపురం బాగానే ఉంది, ఎవరూ వేలెత్తి చూపించలేరు. బయట వాన పడుతోంది, గొడుగు తీసుకో అని మావారు ప్రేమగానే అంటారు. నేను సరేనని, కిటికీ దగ్గరికి వెళ్ళి ఒకసారి చూసుకుంటాను.