సుర్రా వచ్చిన ఏడు

"అవ్వా, చెంచాడు నెత్తురు తీస్త, అంతే. నీ బర్రెకు ఏం గాదు."

"చెంచాడు గాదు, చుక్క గూడ ఇయ్య. నా కొట్టంలకు సూది గీది తేవద్దని నిన్ననే చెప్పిన."

"మూడు రోజులాయె గడ్డి ముడ్తలేదు. జ్వరం వస్తుంది, పోతుంది. కండ్లెంబడి ఒకటే నీళ్ళు. గిది సుర్రా రోగమని నా అనుమానం. నెత్తురు చూడకుండ మందెట్ల ఇయ్యాలె?"

"చూడిదాని మీద నీ చదువు చూపియ్యకు. నువ్వు పుట్టక ముందటి సంది పశువులను సాదుతున్న."

"సాదిండ్రు తియ్యి. సాది సాది చెవులు కోసి సంపిండ్రు. బాపు చెప్పిండు నాకు."

ఆ మాట అన్నది నా చిన్న కొడుకు బిడ్డ. పశువుల డాక్టరు చదువు చదివి, అది చాలదన్నట్టు ఇప్పుడు పట్నంలో ఒక పరిశోధనశాలలో ఈ సుర్రా పురుగు మీదనే పని చేస్తున్నది. బోధన్ చుట్టుపక్కల పశువుల నెత్తురు సీసాల్లో పట్టుకుపోవడానికి వచ్చి, పది రోజులుగా నా ఇంట్లోనే ఉంటూ, నా వంట తింటూ, నా మొహం మీదనే అంత మాట అన్నది. నా చెయ్యి లేచింది కానీ పెండ్లీడు పిల్ల మీద వెయ్యలేక, చేతిలోని కుడితి బకెట్టు అక్కడే పెట్టి పెరటి మెట్ల మీదికి పోయి కూర్చున్నాను. ఆ సంగతి నా కొడుక్కి చెప్పింది నేనే. సగమే చెప్పాను. మిగతా సగం ఇన్నేండ్లలో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

మీలో చెరకు బండ్ల కాలం చూసినవాళ్ళుంటే మీకు వేరే చెప్పనక్కరలేదు. చెరకు కొట్టుడు మొదలైందంటే కోటగిరి దిక్కునుంచి, వర్ని దిక్కునుంచి బండ్లన్నీ బోధన్ దారి పట్టేవి, చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు వరుస కట్టి మూడేసి రోజులు, నాలుగేసి రోజులు నిలిచిపోయేవి. మగవాళ్ళు బండి కిందనే వండుకొని తిని అక్కడే పండుకునేవాళ్ళు. ఎక్కడెక్కడి ఎడ్లో పక్కపక్కన నిలబడి తోకలతో కొట్టుకుంటూ ఉండేవి, ఎందుకంటే ఆ చెరకు మడ్డి వాసనకు, పేడకు జోరీగలు ఇంతా అంతా కాదు. జోరీగ కుడితే తోలు మీద నెత్తురు బొట్టు లేచేది. ఒక ఎద్దు తోకతో కొడితే అది లేచి పక్క ఎద్దు మీద వాలి, సగంలో ఆగిన తిండి అక్కడ ముగించుకునేది. బియ్యం, పప్పు మూట పట్టుకొని పోయినప్పుడల్లా నేను కండ్లారా చూసిందే ఇది. చూసి ఏం లాభం, ఈగ అనే అనుకున్నాను.

మా జోడెడ్లు దేగ్లూర్ దిక్కు పశువుల అంగడిలో మా మామ ఏరి ఏరి తెచ్చినవి. ఆ ఏడు గేటు దగ్గరినుంచి తిరిగొచ్చిన వారానికి అందులో తెల్లదానికి జ్వరం పట్టింది. రెండు రోజులు ఒళ్ళు కాలిపోయేది, తర్వాత ఏమీ ఎరగనట్టు గడ్డి తినేది, మళ్ళీ కాలేది. కాళ్ళు వాచాయి. ఒకనాడు కట్టు గుంజ చుట్టూ తిరగడం మొదలుపెట్టి, ఆగమంటే ఆగక గోడకు తల కొట్టుకున్నది. పక్క ఊరినుంచి పశువుల వైద్యం చేసే ముసలాయనను పిలిపించాము. చెడు నెత్తురు నిండింది, తీసెయ్యాలన్నాడు. పిడకల నిప్పులో కత్తి ఎర్రగా కాల్చి, కొంచెం చల్లారనిచ్చి, ఎద్దు చెవి కొస కోసి నెత్తురు కార్చాడు. రెండో రోజుకు జ్వరం దిగింది. దిగేసరికి మా వాడ వాడంతా ఆయన కాళ్ళు మొక్కింది.

ఇక చూడండి. రోగం రాకముందే కోయిస్తే రానే రాదని ఎవరో అన్నారు, ఆ మాట సాయంత్రానికల్లా అందరి నోట్లో ఉన్నది. మర్నాడు మా ఇంటి ముందు ఎడ్లు, బర్రెలు, ఈనబోయే ఆవులు, అన్నీ వరుస కట్టాయి. మొదట మా తెల్లదానికే ఇంకోసారి కోసి, తర్వాత ఒక్కొక్కదాన్ని పిలిచాడు. ఒక్కో పశువుకు కత్తి కాల్చాలి, కాల్చి చల్లార్చాలి, కొయ్యాలి. నిప్పుకు పిడకలు నావి. వానకాలానికని ఎండలో చేతులు పగిలేటట్టు కొట్టి గూడు పేర్చుకున్న పిడకలు బుట్టలకు బుట్టలు మండిపోతుంటే నా ప్రాణం గిలగిల కొట్టుకున్నది. నాలుగు పశువులు కాగానే ఇక చాలన్నాను. ఎడ్ల నెత్తురు ఎడ్లకు మైలా, గుడ్డతో తుడిస్తే పోదా అన్నాను. ఆ ముసలాయనకు ఆకలి, ఎండ, తొందరగా ముగిస్తే చాలు, సరేనన్నాడు. నేను నీళ్ళు తెచ్చి నిప్పు మీద కుమ్మరించాను.

అడ్డం వచ్చింది ఒక్క మా అక్క. అక్కంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు, మా బావ భార్య. బావ పోయినప్పటినుంచి ఆ ఇంట్లోనే ఒక మూల ఉండి, మా అందరి చాకిరీ చేసేది.

"నిప్పు ఆర్పకు చెల్లె. ఆ వైద్యుని తాతలు ఊకెనే కాల్చిండ్రా? ఏదో ఎరుక ఉండే కాల్చిండ్రు" అన్నది.

"పిడకలు కొట్టింది నేను, పెత్తనం నీదా?" అన్నాను. అందరూ నవ్వారు. అక్క లోపలికి పోయింది.

ఆ తర్వాత నెల రోజులు మా వాడలో వరుసగా పశువులు పడ్డాయి. మొదట మా తెల్లది, తర్వాత దాని జోడు, తర్వాత వరుసలో నిలబడ్డవి. ఒకటి తిరిగి తిరిగి పడితే, ఒకటి ఎండి ఎండి పడింది. బండి ఖాళీగా మోకరిల్లింది, చెరకు చేనుమీదనే ఎండింది. నాకు కోపం ఎక్కడ చూపించుకోవాలో తెలియక, నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళందరూ వింటుండగా నడి వాడలో నిలబడి, మొగుడు చచ్చినదాని కన్ను పడ్డది, అందుకే ఆనాడు అడ్డం వచ్చింది అని అరిచాను. ఒక్కరు కూడా కాదనలేదు. మా అత్త ఆ మాట అందుకున్నది. వారం తిరగకుండా చందూర్ నుంచి అక్క తమ్ముడు బండి కట్టుకొని వచ్చాడు. అక్క ఒక్క రేకు పెట్టె తీసుకొని ఎక్కింది, నా దిక్కు చూడలేదు. ఆ తర్వాత మా వాడకు రాలేదు. రమ్మని పిలిచినవాళ్ళూ లేరు, నేనూ పిలవలేదు.

ఇదంతా తలచుకుంటూ నేను మెట్ల మీద ఉడికిపోతుంటే మనవరాలు వచ్చి పక్కన కూర్చున్నది. తప్పైందని తను అనలేదు, అనమని నేనూ అడగలేదు. తన పని ఏమిటో చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ నేను అడిగిందీ లేదు, తను చెప్పిందీ లేదు. సుర్రా అంటే నెత్తురులో ఈదే పురుగట, కంటికి కనపడదట. ఒంటికి ఒక చొక్కా తొడుక్కొని వస్తుందట. పశువు ఒంట్లోని కాపలావాళ్ళు ఆ చొక్కాను గుర్తుపట్టి కొట్టేటప్పటికి కొన్ని పురుగులు చొక్కా మార్చేస్తాయట. పాతవి చచ్చినప్పుడు జ్వరం దిగుతుంది, కొత్త చొక్కావి పెరిగినప్పుడు మళ్ళీ ఎక్కుతుంది. అట్లాంటి చొక్కాలు దాని జన్యువుల్లో వందలకు వందలు మడతపెట్టి ఉన్నాయట. మన దిక్కు పురుగు ఏ చొక్కాలు దాచుకున్నదో చదవడమే తన పనట, మా బర్రె నెత్తురు మందు కోసమే కాక తన పనికి కూడా కొంచెం కావాలట.

అంటే చెవి కోసినందుకు జ్వరం దిగలేదు. దానంతట అదే దిగింది. మేము కత్తికి మొక్కాము.

తను ఇంకా చెబుతూనే ఉన్నది. దీని జాతివాళ్ళు ఆఫ్రికాలో ఒక రకం ఈగ కడుపులో పెరిగితే తప్ప ఒక పశువునుంచి ఇంకో పశువుకు పోలేవట. ఈగ కడుపులో బతకడానికి వాటి లోపల గొలుసు కొక్కేల్లాంటి ఉంగరాల ముద్ద ఒకటి ఉంటుందట. మన దగ్గరిది ఆ ఉంగరాల్లో కావలసినవి పోగొట్టుకున్నది కనుక దానికి ఈగ కడుపుతో పని లేదు, మూతి చాలు. జోరీగ మూతికి అంటిన తడి నెత్తురు చాలు. సూది మొనకు అంటింది చాలు.

"చెవులు కోసినప్పుడు, ఒకదానికి ఇంకోదానికి నడుమ కత్తి కాల్చిండ్రా అవ్వా?"

నేను మెట్ల మీదినుంచి లేచాను. లోపలికి పోయి పొయ్యి రాజేశాను, ఎసరు పెట్టాను, బియ్యం కడిగాను. కోపం తగ్గలేదు. ఆ వైద్యుడి మీద కోపం, ఎందుకు కాల్చాలో ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను వినేదాన్నేమో. నా మాటకు నవ్విన వాడకట్టు మీద కోపం. రెండో తరగతితో నా బడి మాన్పించిన మా నాయన మీద కోపం. ఈ పిల్ల మీద కూడా, ఇంత సులువుగా ఒక్క ప్రశ్నలో తేల్చేసినందుకు. అందరి మీదా అయ్యాక నిప్పు మీద నీళ్ళు కుమ్మరించిన చెయ్యి నాదే మిగిలింది.

ఇప్పుడు చెరకు బండ్లు లేవు, ఫ్యాక్టరీ పొగ లేదు, గేటు ముందు ఎడ్ల వరుస లేదు. చెరకు నిలిచిన మళ్ళలో వరి నిలిచింది. మా వాడ మొత్తానికి నా బర్రెతో కలిపి మూడు పశువులున్నాయి. ఎద్దు గిట్ట చప్పుడు ఎట్లా ఉంటుందో పిల్లలకు తెలియదు. పురుగు మాత్రం పోలేదట, చొక్కాలు మార్చుకుంటూ ఇక్కడే ఉన్నదట. ఎడ్లు పోయాయి, బండ్లు పోయాయి, నేను అన్న మాట ఒక్కటి అన్నచోటనే ఉన్నది.

మర్నాడు పొద్దున్నే బర్రె తాడు నేనే పట్టుకున్నాను. మనవరాలు కొత్త సూది విప్పి, మెడ దగ్గర నెత్తురు తీసి, గాజు పలక మీద బొట్టు వేసి తన మైక్రోస్కోపులో పెట్టి నన్ను చూడమన్నది. ఎర్ర గింజల నడుమ సన్నటి దారప్పోగులు కొట్టుకుంటున్నాయి. పశువుల దవాఖానానుంచి మందు తెప్పించి సూది వేసింది. నేను చెప్పులు తొడుక్కొని చందూర్ బస్సెక్కాను.

తమ్ముడి కోడలి ఇంటి వాకిట్లో అక్క బీడీలు చుడుతున్నది. నడుం వంగింది కానీ నన్ను గుర్తుపట్టింది. నిలబడే చెప్పాను, కత్తి సంగతి, నిప్పు సంగతి, నా నోటి సంగతి. చివరిదాకా విన్నది.

"గిది ఈడ చెప్పుడెందుకు? ఈడ నన్ను ఎవ్వరేమన్నరు? అన్నది మీ వాడల. ఆడ చెప్పు పో" అన్నది. చేటలో ఆకు అందుకున్నది.

వచ్చిన బస్సుకే తిరిగొచ్చాను. మా వాడలో నల్లా నీళ్ళు వదిలిన వేళ, బిందెలు పట్టుకొని ఏడెనిమిది మంది ఉన్నారు. అందరూ నా తర్వాత వచ్చిన కోడళ్ళే. ఆనాడు విన్నవాళ్ళలో ఒక్కరూ లేరు. నడుమ నిలబడి గట్టిగా చెప్పాను, పశువులు చచ్చింది ఆమె కన్నుకు కాదు, నేను కత్తి కాల్చనియ్యలేదు, అందుకు చచ్చాయి అని.

"ఎవరవ్వా ఆమె?" అన్నది ఒక చిన్న కోడలు.

మా అక్క అని చెప్పాను.