నా పేరుతో మాయమైన ఇళ్లు

తుపాను తీరం దాటిన మర్నాడు పొద్దున ఆరింటికి మా ఆర్మీ సర్వే దళం గోపాలపట్నంలో దిగింది. వాన ఆగలేదు. ఒక బడి ఆవరణలో గుడారం వేశాం. ఆర్డరు ఒక్కటే: మల్కాపురం వైపు కొండవాలు కొలవాలి. జారిపోయే చోట ఉన్న ఇళ్లను మ్యాపులో ఎర్రగా గుర్తు పెట్టాలి. ఎరుపు పడిన ఇల్లు చీకటి పడేలోపు ఖాళీ కావాలి.

మూడు జట్లం. ఎవరి ట్యాబు వారిది, మ్యాపు మాత్రం అందరిదీ. ఒకరు పెట్టిన గుర్తు అందరికీ కనబడుతుంది. ఎవరు పెట్టారో, ఎవరు చెరిపారో పేరు కూడా పడుతుంది.

వాలు నా జట్టుకొచ్చింది, పోర్టు వైపు ఇంకో జట్టుకు. మా పిన్ని ఇల్లు అక్కడే. గుమ్మం ముందు జీపీఎస్ కర్ర నిలబెట్టగానే ఆమె అడ్డొచ్చింది.

"మా ఇల్లు ఎయ్యకురా. ఈ వానలో నానెక్కడికెల్తాను?"

"ఎనకాల మట్టి పగిలిపోనాది పిన్నీ. తప్పదు."

గుర్తు పెట్టాను. కెప్టెన్ పక్కనే నిలబడి అంతా విన్నాడు.

మధ్యాహ్నానికి ఆ వరస ఇళ్ల ఎర్ర గుర్తులన్నీ మ్యాపులోంచి పోయాయి. చెరిపినట్టు పడిన పేరు నాది.

"హవల్దార్, మీ పిన్నిగారి ఇల్లు కూడా పోయిందే," అన్నాడు కెప్టెన్.

"నేను ముట్టుకోలేదు సర్."

చెయ్యి చాచాడు. నా ట్యాబు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. నన్ను గుడారంలోనే ఉండమన్నాడు. రేడియో ఆపరేటరు తగరపువలస వాడు. పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"నిజం సెప్పు బావా. పిన్ని కోసం సేసినావా?"

"నువ్వూ అదే అంతన్నావేటి?"

అతను తిరిగి రేడియో దగ్గరకెళ్లి కూర్చున్నాడు.

కెప్టెన్ ఆ గుర్తులన్నీ మళ్లీ తనే పెట్టాడు. కాసేపటికి మా ముగ్గురి కళ్ల ముందే ఒక్కొక్కటీ మాయమైంది. మళ్లీ నా పేరే. పెట్టె తాళం వేసే ఉంది.

కెప్టెన్ రేడియో అందుకున్నాడు. "పోర్టు జట్టు, మీ ట్యాబుల్లో ఎవరి పేర్లున్నాయి?"

గరగర. తర్వాత గొంతు. "ఒకదాంట్లో హవల్దార్ గారి పేరుంది సర్. స్టోర్లో అలాగే ఇచ్చారు."

అది పోయిన డ్యూటీలో నేను వాడిన ట్యాబు. నా లాగిన్ తీయకుండా వాళ్లకిచ్చారు. అందులో పొద్దుటి ఖాళీ మ్యాపు ఉండిపోయింది. ఆ ట్యాబుకు సిగ్నల్ దొరికినప్పుడల్లా ఆ ఖాళీ మ్యాపు అందరి మ్యాపు మీదికి వచ్చి మా గుర్తులను చెరిపేస్తోంది.

ఇక మ్యాపు కోసం ఆగలేదు. ట్రక్కులేసుకుని వెళ్లి ఇంటింటికీ తలుపు కొట్టాం. పిన్నిని నేనే చెయ్యి పట్టుకుని దించాను. దారంతా తిట్టింది. పొద్దువాలే వేళకు వాలు జారింది. ఆమె వంటిల్లు మట్టిలో కూరుకుపోయింది. లోపల ఎవరూ లేరు.

కెప్టెన్ నా ట్యాబు తిరిగిచ్చాడు.

వారం తర్వాత యూనిట్‌కు తిరుగు ప్రయాణం. ట్రక్కులో ఆపరేటరు పక్కన కూర్చున్నాను. ఒడిలో ట్యాబు పెట్టుకుని మ్యాపు చూస్తున్నాడు. ఊరికే అటు వంగాను. అతను తలెత్తలేదు. తెరను మెల్లగా గుండెకేసి తిప్పుకున్నాడు.

ఉద్యోగం వదిలి ఏళ్లవుతోంది. ఆ చెయ్యి అలా తిరగడం ఇంకా నా కళ్ల ముందే ఉంది.