బాప్తిస్మపు తొట్టి నీళ్ళు తాగిన అజేలియా

ఈ ఉదయం కుప్పంలో మా మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, అజేలియా మొదటిసారి పూసింది. ముదురు గులాబీ రంగు, ఉల్లిపొర లాంటి రేకులు. అక్కడే మోకరించి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. లేవగానే మా మేనత్తకు చెప్పాలని చెయ్యి ఫోను కోసం తడుముకుంది. ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళి చాలా ఏళ్ళయింది.

మేనత్తది మదనపల్లె. ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు, సంఘమే ఆమె సంసారం. అందులో ప్రాణస్నేహితురాలు పాస్టరమ్మ. పాస్టరుగారికి పుంగనూరు బదిలీ అయినప్పుడు, సామాన్ల లారీ కదలబోతుండగా, పాస్టరమ్మ ఈ కుండీ తెచ్చి మేనత్త చేతుల్లో పెట్టింది. ఊటీ నుంచి ఎవరో తెచ్చిచ్చిన మొక్క, వాళ్ళింట్లో ఒక్కసారీ పూయలేదు. "తెల్లగా పూస్తాదంట. పూసిన్నాడు ఎత్తుకోనొచ్చి నాకు సూపించు," అంది. మేనత్తకు అది దేవుడి ముందు మొక్కుకున్న మొక్కులా అయిపోయింది.

మా వైపు ఏ మొక్క దిగాలుపడినా పొయ్యిలో బూడిద చల్లుతాం. కరివేపాకుకూ అదే మందు, చిక్కుడుకూ అదే మందు. మేనత్త ప్రేమకొద్దీ అజేలియాకూ దోసిలితో చల్లింది. ఆకులు పసుపురంగుకు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. మందు చాలలేదేమోనని ఇంకాస్త చల్లింది. మొక్క మోడయ్యే దశలో పాస్టరమ్మ ఫోనులో కేకలేసింది. అది పుల్లమట్టి కోరే మొక్క, బూడిద దానికి విషం, గిన్నెల అడుగున తెల్లగా పేరుకునే మన బోరునీళ్ళూ పడవు, వాననీళ్ళే పొయ్యాలి అని.

వాననీళ్ళు నిలిచే చోటు మేనత్తకు ఒక్కటే తెలుసు. చర్చి చూరు కింద బాప్తిస్మపు తొట్టి. బాప్తిస్మాలు లేని నెలల్లో అందులో వాన నిండేది. సాయంత్రం ప్రార్థనకు బైబిలుతోపాటు బిందె కూడా వెళ్ళేది. ఒకరోజు సంఘపెద్ద అడ్డం నిలబడ్డాడు.

"ఏమ్మా, సెట్టుకు గూడా బాప్తిస్మం ఇస్తాండావా?"

"పాతనీళ్ళు దానికి పడలేదప్పా. మనకు మాత్రం పడినాయా?"

ఆయన నవ్వు దాచుకోలేక గేటు తీశాడు. తరువాత తరువాత తొట్టి కడిగించే ముందు ఆయనే మేనత్తకు కబురు పంపేవాడు.

మొక్క బతికింది, పూత మాత్రం లేదు. ప్రతి చలికాలం మేనత్త చిగుళ్ళు నిమిరి చూసేది. ఫలించని అంజూరపు చెట్టును నరికించబోతే, ఇంకొక్క ఏడు ఉండనిమ్మని తోటమాలి యజమానిని వేడుకున్న బైబిలు ఉపమానం ఆమెకు కంఠతా వచ్చు. దాన్నే ప్రార్థనగా మార్చుకుంది. "ఈ యేడు గూడా ఉండనియ్యి తండ్రీ, సుట్టూ తవ్వి ఎరువేస్తాను," అనేది. నిజంగానే తవ్వేది కూడా.

ఆమెను సమాధి చేశాక కుండీని ఒళ్ళో పెట్టుకుని కుప్పం బస్సెక్కాను. దారిలో పుంగనూరు బస్టాండులో బస్సు ఆగింది. పూయని మొక్కతో అక్కడ దిగడానికి మనసొప్పలేదు.

ఈ రోజు పూసిన కుండీతో అక్కడ దిగాను. పాస్టరమ్మకు చూపు మందగించింది. పువ్వును ముఖానికి దగ్గరగా లాక్కుని చూసింది.

"తెల్లగా పూస్తాదని ఆశ పెడితి గదమ్మా మీ యత్తకు," అంది. "పోకముందు ఒక్క పువ్వన్నా సూసిందా?" అని అడిగింది.

లేదన్నాను. ఆమె వేళ్ళు కుండీ మట్టిని తడిమాయి.

"నీళ్ళు యాడివి పోస్తాండావు?"

"వానవేనమ్మా."

తిరుగు బస్సులో కుండీ మళ్ళీ నా ఒళ్ళోనే ఉంది. మేనత్త ప్రార్థనే గుర్తొస్తూ ఉంది. ఏటేటా ఆమె చెట్టు కోసం గడువు అడిగింది, అడిగినంతా దొరికింది. తన కోసం ఒక్క ఏడు అడగాలని మాత్రం ఆమెకు ఎన్నడూ తోచలేదు.