షష్ఠినాటి బుర్రగుంజు

మొన్న జనవరిలో, లండన్ శివార్లలో మా ఇంటి నుంచి రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన ఓ జాఫ్నా తమిళుల కొట్లో, మునక్కాయల పక్కన, రబ్బరు బ్యాండు వేసి కట్టిన తేగల కట్ట కనిపించింది. నిజానికి కంటికన్నా ముందు ముక్కు గుర్తుపట్టింది, తడి ఇసకా పచ్చి పీచూ కలిసిన ఆ వాసనని. నలభై ఏళ్ళ కిందట మావారి ఉద్యోగం పుణ్యమా అని ఈ దేశం వచ్చిన కొత్తలో ఇంగువ కోసం ఊరంతా గాలించినదాన్ని, గోంగూర దొరికిన రోజున పక్కింటి గుజరాతీ ఆవిడకి కూడా పచ్చడి పంచిపెట్టినదాన్ని. ఇప్పుడు బందరు లడ్డు కూడా డబ్బాల్లో వస్తోంది, అంగట్లో అన్నీ ఉన్నాయి. తేగలు మాత్రం ఎన్నడూ వెతకలేదు. దొరక్కపోతే బాగుండునని నేను కోరుకున్న తిండి అదొక్కటే.

కొట్టు పెద్దావిడకి నా భాష రాదు, నాకు ఆవిడది రాదు. "ఎలా తినాలో తెలుసా?" అని ఇంగ్లీషులో అడిగింది. తెలుసన్నాను. నేర్పిన మనిషి పేరు చెప్పలేదు. అరవై ఏళ్ళు దాటినా ఆ పేరు నోటికి రావడం నాకు సులువు కాదు.

ఆ పేరు నాంచారు. మా తాళ్ళు, అంటే తాటిచెట్లు, ఎక్కే సాంబయ్య కూతురు. పందొమ్మిది వందల యాభైల చివర, నాకూ దానికీ తొమ్మిదేళ్ళు. మోపిదేవికి రెండు మైళ్ళ దూరాన, కృష్ణ కరకట్ట దిగువన మా ఊరు. లంకలో మా తాతయ్య పొలం గట్ల నిండా తాళ్ళే. పెద్దవాళ్ళ ముందు నన్ను "చిట్టెమ్మగారూ" అనేది, వాళ్ళు కనుమరుగైతే "ఒసే చిట్టీ" అనేది. ఆ రెండో పిలుపు కోసమే నేను రోజూ లంకలోకి పరిగెత్తేదాన్ని.

వేసవిలో ముంజెలు బొటనవేలితో తోడుకుని నీళ్ళు మెడమీదుగా కారుతుంటే తినడం, భాద్రపదం ముసురులో తెల్లారగట్ల పండు దబ్బున రాలిన చప్పుడుకి దుప్పటి తన్నేసి వెళ్తే నాకన్నా ముందే నాంచారు అక్కడ నిలబడి ఉండడం, కాల్చిన పండు చీకుతుంటే పసుపురసం మోచేతుల దాకా అంటుకోవడం, పళ్ళసందుల్లో పీచు చీపురుపుల్లతో తీసుకుంటూ బడికి ఆలస్యంగా వెళ్ళి గోడకుర్చీ వెయ్యడం, మామ్మ ఆ గుజ్జులో బియ్యప్పిండీ బెల్లమూ కలిపి రొట్టె కాలిస్తే అడుగున మాడిన చెక్క కోసం పిల్లలం కొట్టుకోవడం, ఇదీ మా ఏడాది. మాకు కేలండరు గోడమీద ఉండేది కాదు, తాటిచెట్టు మీద ఉండేది.

చీకి పారేసిన టెంకలన్నీ పోగేసి సాంబయ్య పాతర వేసేవాడు. లంక మెరక మీద టెంకలు వరసగా పరిచి, ఇసక కప్పి, కాళ్ళతో తొక్కి, తడిపి, పైన తాటాకులు వేసి, పందులు దూరకుండా చుట్టూ తుమ్మకంప కట్టేవాడు. మొలక ఇసకలోకి దిగి తేగ అయ్యేసరికి పుష్యమాసం వస్తుంది. అంతకుముందే తవ్వితే తేగ ఉండదు, టెంక కొడితే లోపల తెల్లగా, బెండులా మెత్తగా ఉండే బుర్రగుంజు మాత్రం దొరుకుతుంది. తాళ్ళు మావి, కష్టం అతనిది, తేగల్లో చెరి సగం, అదీ కట్టుబాటు. ఆ సగం అవనిగడ్డ సంతలో అమ్ముకుంటేనే చలికాలం వాళ్ళింట పొయ్యి వెలిగేది. ఒకరు లేకుండా ఇంకొకరు కంప కదపకూడదు.

పిల్లలకీ ఓ కట్టుబాటు ఉండేది. తేగలు కుండలో కూరి, చుట్టూ గడ్డి వేసి కాల్చి తంపటి పెట్టాక, పైపొట్టు వలిచి నిలువునా చీలిస్తే మధ్యలో లేత ఆకు మొలక ఉంటుంది. దాన్ని చందమామ అంటాం. చీల్చినవాళ్ళు చందమామ తినకూడదు, ఎదుటివాళ్ళకి ఇవ్వాలి. నాంచారు ఎప్పుడూ తనే చీల్చేది.

ఆ ఏడు మార్గశిరంలో సుబ్బారాయుడి షష్ఠికి గుడివాడ నుంచి మా అత్తయ్య కూతురు వచ్చింది. పేరెందుకు లెండి, మనవలతో సుఖంగా ఉంది. రెండు జడలకీ శాటిన్ రిబ్బన్లు, కాళ్ళకి బూట్లు, నోట్లో ఎప్పుడూ గుడివాడ సినిమాహాళ్ళ గొప్పలు. "మీ ఊళ్ళో ఏముందే?" అంది. నాకు రోషం వచ్చింది. పెద్దవాళ్ళంతా మోపిదేవిలో పుట్ట దగ్గర పాలుపోసే వరసలో ఉన్నారు, సాంబయ్య కూతుర్ని తీసుకుని తిరనాళ్ళకి వెళ్ళాడు. అత్తయ్య కూతుర్ని లంకలోకి తీసుకెళ్ళి, కంప లాగి, పాతర ఓ మూల తవ్వి, ముప్పై టెంకల దాకా కొట్టి బుర్రగుంజు పెట్టాను. గొప్పల పిల్ల కాస్తా వేళ్ళు నాకింది, నా రోషం తీరింది. ఇసక చేతులతో తోసేశాం గాని తొక్కలేదు. కంప ఆ పిల్ల వేలికి గుచ్చుకుంది, అందుకని కంపని పక్కనే వదిలేశాం.

సాయంత్రం నాంచారుకి రెండు ముక్కలు ఆకులో పెట్టి ఇచ్చాను. "ఎక్కడివే?" అంది. "తిను ముందు" అన్నాను. తింది.

పుష్యంలో పాతర తీస్తే సగం గుల్ల. నేను వదిలేసిన సందులోంచి పందులు దూరి కుళ్ళగించేశాయి. తాతయ్య పెద్దగా అరిచే మనిషి కాదు. తీసి పక్కన పడేసి ఉన్న కంప చూపించి, "మిగతా సగం ముందే సంతకి తోలేశావన్నమాట" అన్నారు.

"నేను కంప ముట్టుకోలేదండీ బాబుగారూ" అన్నాడు సాంబయ్య.

"అయితే నీ కూతురి తలమీద చెయ్యేసి చెప్పు."

అబద్ధపు ప్రమాణం చేస్తే ఆ బిడ్డ దక్కదని మా వైపు ఎంత గట్టి నమ్మకమో చెప్పలేను. సాంబయ్య చెయ్యెత్తాడు. వెయ్యబోతూ ఆగి, వంగి కూతురి మొహంలోకి చూశాడు. "ఈ పాతర గుంజు నువ్వేవన్నా తిన్నావంటే?"

"తిన్నా నాన్నా."

"ఎవరు తీశారు?"

అది నా వంక చూసింది. నేను చెప్తానని చూసింది. నేను మామ్మ చీరకొంగు పట్టుకుని నిలబడ్డాను. తను తవ్వలేదని ప్రమాణం చేసినా సాంబయ్య చెప్పింది నిజమే అయ్యేది. కాని బిడ్డ తిన్నదని తెలిశాక, దేవుడు దాన్ని ఏ లెక్కన చూస్తాడోనని భయపడ్డాడు. చెయ్యి అలాగే కిందికి దిగిపోయింది. "ప్రమాణం చెయ్యలేనండీ" అన్నాడు. మా ఊళ్ళో ఆ మాటకి ఒకటే అర్థం.

ఆ మధ్యాహ్నం నూతి దగ్గర మామ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "షష్ఠినాడు నీ పరికిణీ కుచ్చిళ్ళలో ఇసక నేనే దులిపాను. నోరు మూసుకుని ఉండు. పండక్కొచ్చిన ఆడపడుచు బిడ్డ పేరు బయటికొస్తే మీ తాతయ్య తల ఎక్కడ పెట్టుకుంటారు?" అంది. మామ్మ చాలా మంచిదని ఊరంతా చెప్పుకునేది, నేనూ అలాగే చెప్పుకుంటూ వచ్చాను, ఇప్పుడు చెప్పను. తంపటి వేసిన తేగ ఒకటి నా చేతిలో పెట్టింది. అది సాంబయ్య వాటాలోది. తిన్నాను.

తాతయ్య తాళ్ళు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. దొంగ అని పేరుపడ్డవాడికి చుట్టుపక్కల ఎవరూ ఇవ్వలేదు. నెల తిరక్కుండానే వాళ్ళు కుండా చట్టీ సర్దుకుని హంసలదీవి వైపు కదిలారు. నేను ఒక్కదాన్నే ఖాళీ పాతర దగ్గర ఉన్నాను, దారి అటే కాబట్టి నాంచారు నా ముందునుంచే నడిచింది. చుట్టూ పెద్దవాళ్ళెవరూ లేరు. "వెళ్ళొస్తామండీ చిట్టెమ్మగారూ" అంది.

పదేళ్ళ కిందట మా ఊరు వెళ్ళాను. లంకలో తాళ్ళు లేవు, మెరక లేదు, ఆ ఇసకంతా లారీలకెక్కి ఎవరి మేడలకో చేరింది. మా పొలం రొయ్యల చెరువైంది. తంపటి అంటే ఏమిటని మా తమ్ముడి కోడలు అడిగింది. కారు చేయించుకుని హంసలదీవి దాకా వెళ్ళి, తాళ్ళెక్కే సాంబయ్య అనీ, కూతురు నాంచారు అనీ గుడిసె గుడిసెనీ అడిగాను. ఓ ముసలాయన, "ఉప్పెనకి ముందోళ్ళామ్మా?" అన్నాడు. డెబ్బయ్యేడులో ఆ ఉప్పెన ఊళ్ళకి ఊళ్ళే తీసుకుపోయింది. ఇంకెవర్నీ అడగలేదు.

మోపిదేవి సుబ్బారాయుడికి మొక్కుకోవడం కూడా మానేశాను. ఏమని మొక్కుకోవాలి? తాతయ్య ఎనభై ఏళ్ళు బతికి, పెద్దమనిషనిపించుకుని పోయారు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. మా ఇంట్లో అందరం దొరలమే.

కొట్లోంచి తెచ్చిన తేగలు ఓవెన్‌లో కాల్చాను. గడ్డిపొగ వాసన లేదు గాని వంటిల్లంతా లంక వాసన వేసింది. ఒకటి వలిచి, నిలువునా చీల్చాను. నా చెయ్యి దానంతటదే చందమామని తీసి కంచం అవతలి అంచున పెట్టింది. చీల్చినదాన్ని నేను కదా, నేను తినకూడదు. టీ పెట్టుకుని తాగాను, వచ్చిన ఉత్తరాలు చూసుకున్నాను, కిటికీలో మంచు తుడిచాను. చందమామ అక్కడే ఉంది. చివరికి అదీ నేనే తిన్నాను. తియ్యగానే ఉంది.