తెగని అంకె

కార్తీక బహుళ దశమి. పొద్దునదాకా వాన, తర్వాత తెరిపిచ్చింది. అరటాకులు కడిగి తుడిచి పెట్టాను. మా అక్క మొగుడు, మా బావ, పోయి ఇవాళ్టికి పన్నెండో రోజు.

ఇది చదివేవాళ్లలో ఆయన చెప్పిన చోట భోజనానికి కూర్చున్నవాళ్లు చాలామందే ఉంటారు. మద్రాసు చూలైలో మనవాళ్ల ఇళ్లలో ఏ కార్యమైనా బంతులు తీర్చేది ఆయనే. ఆకలిమీద ఆయన్ని తిట్టుకోనివాళ్లు లేరు. బంతులన్నీ సమంగా ఉండాలి, ఎక్కడా ఒక ఆకు ఎక్కువా తక్కువా కాకూడదు. ఆ లెక్క తేలేదాకా ఒక్క ఆకు వెయ్యనిచ్చేవాడు కాదు.

నాకు లెక్కలు బళ్లో రాలేదు, ఆయన వెనక విసుక్కుంటూ నిలబడితే వచ్చాయి. ముప్ఫైమంది అంటే వేళ్లు మడిచేవాడు. రెండుకు జత పదిహేను, మూడుకు పది, అయిదుకు ఆరు. "చిన్నోడు ఈడ్నించి ఎక్కతాడు, పెద్దోడు ఆడ్నించి దిగతాడు. ఇద్దురూ ఎదురుపడినాక ఇంకా ఎతికేవాడు ఎర్రోడు." ఒకటికి ముప్ఫై కూడా జతే కదా బావా అంటే, ఆ బంతి పెద్దరోడ్డు దాకా పోతుంది, పోయి ఆ చివర కూర్చోమనేవాడు. నయాపైసలు వచ్చాక ఇంకో గొడవ. నూట తొంభై రెండు దమ్మిడీల పాత రూపాయి ముగ్గురికి సమంగా తెగేదని, ఈ నూరు పైసల రూపాయి తెగదని కనిపించినవాడితోనల్లా పోట్లాట.

మా అమ్మాయి పెళ్లిలో మొదటి విడతకు తొంభై ఏడుగురు తేలారు. రెండుకు తెగదు, మూడుకు, అయిదుకు, ఏడుకు తెగదు. పులుసు చల్లారుతోంది. వియ్యంకుడు కండువా దులుపుకుని లేచాడు. మిగిలే ఆ ఒక్క ఆకు ఏ మూలనో వెయ్యమని బావ గడ్డం పట్టుకున్నాను.

"మిగిలిన ఆకు ఎప్పుడూ దిక్కులేనోడి ముందరే పడతాది," అన్నాడు. "అంకె తెగలేదంటే ఎవుర్నో మరిచినావురా బామ్మర్దీ. మళ్లా ఎంచు."

మేళంవాళ్లను ఎంచినవాణ్ణి, పందిరి వెనక కునుకు తీస్తున్న తాళం ముసలాయన్ను వదిలేశాను. ఆయన్ను లేపి తెచ్చాకే ఆకులు పడ్డాయి, ఏడు బంతులు, బంతికి పద్నాలుగు. ఆ కోపం వియ్యంకుడికి ఇంకా తీరలేదు. నాకూ తీరలేదు.

ఇవాళ బంతులు తీర్చమని నన్ను నిలబెట్టారు. ఎంచాను. ఇరవై తొమ్మిది. రెండుకు లేదు, మూడుకు లేదు, అయిదుకు లేదు. పోయి కూడా నన్ను తిననివ్వడీయన అనుకున్నాను. ఒక ఆకు మూలకు వేసి కానిద్దామని చేతిలోకి తీసుకున్నాను. ఖాళీగా మిగిలిన మూల వంటింటి గడప దగ్గరే ఉంది. గడప లోపల గోడవైపు తిరిగి మా అక్క కూర్చుని ఉంది. అందరూ తిన్నాక ఆమెకు అక్కడే పెట్టాలని పెద్దలు ముందే చెప్పారు. అందుకని ఆమెను ఎవరం ఎంచలేదు.

ఆకు తెచ్చి బంతిలో వేశాను. ఇదేం పద్ధతని ఒక పెద్దాయన గొణిగాడు.

"లెక్క తెగలేదు సామీ," అన్నాను.

తర్వాత తింటాలేరా అంది అక్క. నువ్వు రాందే ఎవరికీ వడ్డించనన్నాను. ఆకలిగా ఉన్నవాళ్లు నన్ను తిట్టుకోవడం వినిపిస్తూనే ఉంది. చాలాసేపటికి లేచి వచ్చింది. ఆకు ముందు కూర్చుని, నీళ్లు చల్లుకుని, అరచేత్తో మెల్లగా తుడుచుకుంది. అయిదు బంతులు, బంతికి ఆరు.

ఇవాళ్టి పద్దు. ఆకులు ముప్ఫై. మిగిలిన ఆకు లేదు.