ఎదురు ఫ్లాట్ అంకుల్ రైలింజన్

మా ఎదురు ఫ్లాట్ అంకుల్ పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను గ్రేటర్ నోయిడా నుంచి వచ్చే బస్సులో ఉన్నాను. నిద్రలోనే పోయారట. ఢిల్లీ పక్కన మేముండే వైశాలి చేరడానికి ఇంకా గంట పడుతుంది. లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను.

మీకు ఆయన తెలియదు. శ్రీకాకుళం వైపు మనిషి. ఆర్మీలో బండ్లు బాగుచేసి, రిటైరై ఇక్కడే ఉండిపోయారు. ఆంటీకి పక్షవాతం వచ్చి మాట పడిపోయాక, ఆవిడ మంచం చుట్టూ నేల మీద పట్టాలు పరిచి అరచేతిలో పట్టేంత రైలింజన్ నడిపేవారు. అది తిరుగుతున్నంతసేపూ ఆంటీ బుద్ధిగా అన్నం తినేది. ఆగితే నోరు బిగించేసేది.

ఢిల్లీ దుమ్ముకి అది తరచూ ఆగేది. చక్రాలకు జిడ్డు పడితే పట్టాల్లోని కరెంటు అందదు. చేతులు వణకడం మొదలయ్యాక తుడిచే పని ఆయన నాకు నేర్పారు. పట్టాలకు అడ్డంగా స్పిరిట్‌తో తడిపిన గుడ్డ వేసి, ముందు చక్రాలు గుడ్డ మీద, వెనకవి పట్టాల మీద ఉండేలా ఇంజన్‌ను పట్టుకోవాలి. కరెంటు ఇస్తే ముందు చక్రాలు అక్కడే తిరిగి గుడ్డ మీద నల్లటి గీతలు దింపుతాయి. తర్వాత తిప్పి పెట్టి వెనకవి. తొందరగా ముగించాలని ఒకసారి గరుకు కాగితం అందుకున్నాను. ఆయన నా చెయ్యి ఆపారు.

"గీత పడితే మురికి అక్కడే గూడు కడతాదమ్మా."

ఒక సాయంత్రం, ఐదు క్లాసులు చెప్పి రెండు బస్సులు మారి వచ్చి, ఈ రోజు నా వల్ల కాదని గుమ్మంలోనే చెప్పేశాను. ఆయన ఏమీ అనుకోలేదు.

"అలిసిపోనావా? కూకో. టీ తాగి ఎల్దువుగాని."

ఆ వణికే చేతులతోనే టీ పెట్టి తెచ్చారు. సగం సాసర్లోనే ఉంది. తర్వాత నేల మీద కూర్చుని తనే చక్రాలు తుడుచుకున్నారు. నేను టీ తాగుతూ చూశాను. లేవలేదు. ఆ తర్వాత వెళ్లడం తగ్గింది. చివరి నెలంతా పరీక్ష పేపర్లు దిద్దాలని అసలు వెళ్లలేదు. ఇంజన్ కదలడం, ఆగడం మా తలుపు దాకా వినిపిస్తూనే ఉండేది.

కర్మకాండలన్నీ అయ్యాక కూతురు మా తలుపు తట్టింది. ఇక్కడే పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు. నిన్నటి నుంచి రైలు కదలడం లేదని, మమ్మీ తినడం లేదని హిందీలో చెప్పింది.

"దీదీ, పాపా ఇసే కైసే సాఫ్ కర్తే థే?"

వెళ్లి, వాళ్ల నాన్న దాన్నెలా తుడిచేవారో చూపించాను. గుడ్డ మీద రెండుసార్లు తిప్పినా ఒక చక్రం పట్టేసినట్టే ఉంది. ఇంజన్‌ను వెల్లకిలా తిప్పితే ఇరుసుకు పొడుగాటి తెల్ల వెంట్రుక చుట్టుకుని ఉంది. ఆంటీది. ఆ అమ్మాయి పట్టకారుతో మెల్లగా లాగింది. తెగకుండా వచ్చింది. దాన్ని పారేయకుండా చూపుడు వేలికి చుట్టుకుని, రెండో చేత్తో ఇంజన్‌ను పట్టాల మీద పెట్టింది.